గోదావరి చెమ్మకు ఏ డబ్బా ఆగుతుంది? జాడీ, స్టీలు, గాజు, ప్లాస్టిక్ పోలిక

డెల్టా ఊళ్లలో సరుకు నిల్వ పెట్టడం మెట్ట ఊళ్లలో పెట్టినట్టు కుదరదు. జంగారెడ్డిగూడెం వైపు ఎండుమిరపకాయలు గోనెసంచిలో పోసి ఓ మూల పడేసినా గలగలలాడుతూనే ఉంటాయి. అదే సంచి అమలాపురం తీసుకొస్తే, ఆషాఢం ముసురు నాలుగు రోజులు పట్టేసరికి కాయలు మెత్తబడి తొడిమల దగ్గర బూజు తెల్లగా కనిపిస్తుంది. ఇక్కడ అప్పడం వంగుతుంది, బెల్లం కారుతుంది, ఉప్పు గడ్డకట్టి చెంచా అందులో ఇరుక్కుంటుంది. చుట్టూ కాలవలు, నీళ్లు నిలిచిన చేలు, రొయ్యల చెరువులు, ఓ పక్క సముద్రం. అంతర్వేది, ఓడలరేవు దగ్గరి ఇళ్లలో గాలిలోనే ఉప్పు ఉంటుంది. తలుపు గడియలే తుప్పు పట్టేచోట రేకు డబ్బా సంగతి చెప్పాలా?

అయినా డబ్బా కొనడానికి వెళ్తే మనం చూసేవి మెరుపు, బరువు, రేటు. మూత సంగతి ఇంటికొచ్చాక గుర్తొస్తుంది. ఈ నేలలో డబ్బా అంటే ముందు మూతేనని నా అభిప్రాయం. కొట్లోనే చేసి చూడదగ్గ పరీక్ష ఒకటుంది. కాగితం ముక్క ఒకటి చింపి, డబ్బా అంచుకీ మూతకీ మధ్య పెట్టి మూత బిగించండి. ఇప్పుడు కాగితాన్ని లాగండి. సులువుగా జారి వచ్చేస్తే ఆ చోట గాలి దూరుతుందన్నమాట. అంచు చుట్టూ నాలుగైదు చోట్ల ఇలా చూడాలి, ఎందుకంటే పైకి గుండ్రంగా కనిపించే స్టీలు డబ్బాలు కూడా రవాణాలో ఒక పక్క నొక్కుకుపోయి ఉంటాయి. కొట్టాయన విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

మూత కుదిరాక లోపల పెట్టేది పులుపా, ఉప్పా, నూనా, పొడి సరుకా అన్నది చూసుకోవాలి. దాన్ని రోజూ తెరుస్తారా, నెలకోసారి తెరుస్తారా, ఉన్నచోటే ఉంచుతారా, బస్సెక్కిస్తారా అన్నది ఆ తరవాత. ఒక్క డబ్బాయే అన్నిటికీ సరిపోదు. సరిపోతుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి.

ఊరగాయకు

ఆవకాయలో ఉప్పు ఉంది, మామిడికాయ పులుపు ఉంది, ఆవపిండి ఘాటు ఉంది, పైన నువ్వుల నూనె ఉంది. ఏడాది పాటు ఈ నాలుగూ కలిసి డబ్బా గోడను తాకుతూ ఉంటాయి. అల్యూమినియం ఈ దెబ్బకి నల్లబడి గుంటలు పడుతుంది, పచ్చడికి లోహపు రుచి వస్తుంది. స్టీలు మేలే గానీ, ఉప్పు ఎంత మంచి స్టీలునైనా సూదితో పొడిచినట్టు సన్నటి చిల్లులు చేయగలదు. రెండు మూడు రోజుల గోంగూర పచ్చడికి స్టీలు గిన్నె చాలు, ఏడాది ఆవకాయకు పనికిరాదు.

అందుకే పింగాణీ జాడీ. లోపలి నునుపు పూత ఉప్పుకీ పులుపుకీ చలించదు. మందపాటి గోడ వెలుతురు తగలనివ్వదు, కాబట్టి కారం ఎరుపు తగ్గదు. ఎండాకాలం మధ్యాహ్నం కూడా లోపల త్వరగా వేడెక్కదు.

కొనేటప్పుడు వేలి కణుపుతో జాడీ ఒంటి మీద కొట్టి వినండి. ఖంగుమంటే బాగున్నట్టు, బొంగురుగా పలికితే ఎక్కడో పగులు ఉన్నట్టు. తరవాత మొబైల్ టార్చి లోపలికి వేసి అడుగు నుంచి మెడ దాకా చూడండి. పూత పొంగి పేలిన చుక్కలు, పూత అంటని గరుకు మచ్చలు కనిపిస్తే పక్కన పెట్టేయండి. నూనె ఆ మచ్చల్లోంచే గోడలోకి ఇంకుతుంది, ఆ తరవాత ఎంత కడిగినా ముక్కిపోయిన వాసన వదలదు. ఇంటికి తెచ్చాక నిండా నీళ్లు పోసి, పాత పేపరు మీద పెట్టి రాత్రంతా వదిలేయండి. తెల్లారి పేపరు మీద తడి వలయం కనబడితే అది పచ్చడికి పనికిరాదు, గొడుగులు పెట్టుకోవడానికి వాడుకోవచ్చు. లోపలివైపు కూడా రంగుల పువ్వులు వేసినవి, ఊరూపేరూ లేని ముదురు రంగు పూతలవి తీసుకోకండి. అలాంటి కొన్ని పూతల్లో సీసం ఉంటుంది, పులుపు దాన్ని బయటికి లాగుతుంది.

ఇంతా చెప్పాక మీరు అడగొచ్చు, జాడీ మూత వదులుగా ఉంటుంది కదా, మూతే ముఖ్యమంటిరే అని. నిజమే. జాడీ మూతకు బిగింపు ఉండదు. అందుకే పెద్దవాళ్లు పొడి గుడ్డతో వాసెన కట్టి, ఆ పైన మూత పెట్టేవాళ్లు. కానీ ఆవకాయకు అసలు మూత పైన తేలే నూనె. మూడో రోజు తిరగకలిపినప్పుడు ముక్కలు మునిగేలా నూనె ఉందో లేదో చూసుకునేది అందుకే. ముక్క నూనె పైకి తేలిందంటే ఎంత బిగుతైన మూత పెట్టినా బూజు వస్తుంది. మాగాయకూ ఇదే లెక్క.

గాజు సీసా జాడీకి పోటీ వస్తుందా? ఇద్దరున్న ఇంట్లో వస్తుంది. గాజు పులుపును పట్టించుకోదు, వాసన పీల్చుకోదు, లోపల ఏముందో కనిపిస్తుంది. పాత హార్లిక్స్ సీసాలు ఇప్పటికీ పారేయని ఇళ్లు ఇటు బోలెడు. దాని బలహీనతలు రెండు. వెలుతురు తగిలేచోట పెడితే పచ్చడి రంగు పోతుంది, కాబట్టి అలమరలో తలుపు వెనక పెట్టాలి. రెండోది రేకు మూత. ఉప్పు తగిలి మూత లోపలి పూత లేచి, తుప్పు నీరు పచ్చడిలోకి దిగుతుంది. సీసా బాగుందని కొనేసి మూత ఏంటో చూడకపోతే అక్కడే దెబ్బతింటారు. ప్లాస్టిక్ మూత ఉన్న సీసా తీసుకోండి.

ప్లాస్టిక్ డబ్బా అడుగున త్రికోణంలో అంకె ఉంటుంది, చూడండి. 2, 5 అంకెలవి ఊరగాయకు కొన్ని నెలలు పరవాలేదు. 1 అంకెవి, అంటే కూల్‌డ్రింక్ సీసాల జాతివి, పచ్చడి కొట్లో ఇచ్చినవి ఆ పచ్చడి అయిపోయాక పారేయడమే మంచిది. వాటిలో మాత్రం వేడి తిరగమోత పోయకండి, వంకర్లు పోతాయి. ఏ అంకెదైనా వెల్లుల్లి వాసన ఒకసారి పట్టిందంటే ఆ డబ్బా ఇక జన్మంతా ఆవకాయకే అంకితం.

నా తీర్పు: ఏడాదికి నాలుగు కిలోలు దాటి పెట్టేవాళ్లు జాడీ కొనండి, దాంట్లోంచి నెలకి సరిపడా చిన్న గాజు సీసాలోకి పొడి గరిటెతో తీసుకోండి. జాడీని తెరిచే సార్లు తగ్గితే చెమ్మ దూరే సార్లూ తగ్గుతాయి. అంతకన్నా తక్కువ పెట్టేవాళ్లకు రెండు మూడు గాజు సీసాలు చాలు, జాడీ మోజు కోసం డబ్బులు పెట్టనక్కర్లేదు.

బియ్యానికి, పప్పులకు

గాదెలు, పురులు పోయి బస్తాలొచ్చాయి, బస్తాల సైజూ మారింది. 2022 జూలైలో 25 కిలోల వరకూ ఉండే ప్యాకింగ్ బియ్యానికి జీఎస్టీ వేశాక మిల్లుల వాళ్లు 26 కిలోల బస్తాలు తెచ్చారు. అందుకే ‘25 కిలోల డ్రమ్ము’ అని రాసినది కొంటే కిలో బియ్యం బయట మిగిలిపోతుంది. లీటరుకు బియ్యం సుమారు 800 గ్రాములు పడుతుంది. ఆ లెక్కన 26 కిలోలకు 32 లీటర్లు పైమాట. కిలోలు అడక్కుండా లీటర్లు అడగండి, 35 లీటర్లది తీసుకోండి.

ముక్కుపురుగు ఎక్కడి నుంచో ఎగిరొచ్చి డబ్బాలో దూరుతుందని చాలామంది అనుకుంటారు. ఎక్కువగా అది గుడ్ల రూపంలో బియ్యంతోనే ఇంటికి వస్తుంది, గింజ లోపలే ఉంటుంది. మూత గట్టిదైతే లోపలి గాలిలో ప్రాణవాయువు తగ్గి పురుగు పెరగలేక చస్తుంది. ఇది పని చేయాలంటే డబ్బా నిండుగా ఉండాలి, మాటిమాటికీ తెరవకూడదు. రోజూ తెరిచే పెద్ద డ్రమ్ములో అడుగున పావు వంతు బియ్యం ఉంటే మిగతా ముప్పావు వంతూ పురుగులకు కావలసినంత గాలి. కాబట్టి ఒక 50 కిలోల డ్రమ్ము కన్నా 26 కిలోలు పట్టేవి రెండు మేలు. ఒకటి కదపకుండా ఉంచి, రెండోది వాడుకోవడం. వేపాకు, ఎండుమిరపకాయలు వేసే అలవాటు ఉంటే వేసుకోండి, ఆకు మాత్రం పూర్తిగా ఎండినదై ఉండాలి. పచ్చి వేపాకు వేస్తే చెమ్మను మన చేత్తో మనమే లోపల పెట్టినట్టు. బొంబాయి రవ్వ, శనగపిండి లాంటివైతే నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, బయట మామూలు వేడికి వచ్చాక తుడిచి డబ్బాలో పోస్తే గుడ్లు కూడా పోతాయి.

ఇక్కడో మెలిక ఉంది. గట్టి మూత పొడి సరుకుకే మిత్రుడు. సరుకులోనే తేమ ఉంటే అదే మూత శత్రువవుతుంది, ఎందుకంటే తేమ బయటికి పోయే దారి ఉండదు. ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో తేమ 17 శాతం వరకూ తీసుకుంటారు గానీ, ఇంట్లో నిల్వ ఉంచుకోవాలంటే 14 శాతం లోపు ఉండాలి. సొంత చేలో ధాన్యం ఆడించుకుని కొత్త బియ్యం తెచ్చుకునేవాళ్లు నేరుగా గాలి చొరని డ్రమ్ములో పోసి బిగిస్తే వారానికే ముక్కవాసన వస్తుంది. అలాంటి బియ్యాన్ని ముందు నీడపట్టున పలచగా ఆరబోసి, చేత్తో పిడికిలి పట్టి వదిలితే అంటుకోకుండా జారే దాకా ఆగాలి. మినపప్పు, కందిపప్పు ఎండలో పెట్టి తెచ్చినప్పుడు కూడా వేడి చల్లారాకే మూత పెట్టండి. వేడిగా మూస్తే మూత లోపల నీటి బొట్లు పడతాయి.

ఇప్పుడు ఏ డ్రమ్ము? జింకు పూత రేకు డబ్బా చవక. రావులపాలెం, తణుకు లాంటి లోపలి ఊళ్లలో కొన్నేళ్లు నడుస్తుంది. సముద్రం దగ్గర అతుకుల వెంట తుప్పు తొందరగా మొదలవుతుంది, ఆ పొడి బియ్యంలో పడుతుంది. ప్లాస్టిక్ డ్రమ్ము తుప్పు పట్టదు, మూతలో రబ్బరు రింగు ఉన్నవి దొరుకుతాయి, స్టీలు కన్నా చవక. కానీ కోతలయ్యాక చేలల్లోంచి ఎలుకలు ఇళ్లమీద పడతాయి. ప్లాస్టిక్ మూత అంచును ఒక్క రాత్రిలో కొరికేయగలవు. పెంకుటిల్లు, పాత మండువా ఇల్లు అయితే స్టీలే తీసుకోండి. మేడ మీద వాటా, కిటికీలకు మెష్ ఉంటే ప్లాస్టిక్ చాలు.

స్టీలు కొట్లో వినబడే మాట ఒకటుంది: “అయస్కాంతం అంటుకోవట్లేదు చూడండి, ఇది అసలు సరుకండి.” ఆయన చూపించింది అబద్ధం కాదు, కానీ సగం నిజం. 304 రకం స్టీలుకు అయస్కాంతం మామూలుగా అంటదు. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన 202 రకానికి కూడా మామూలుగా అంటదు. ఉప్పుగాలికి 202 తొందరగా మచ్చ పడుతుంది. అయస్కాంతం గట్టిగా అంటుకుంటే అది నికెల్ లేని రకమని తెలుస్తుంది, అంటకపోతే మాత్రం ఏదీ తేలదు. అడుగున రకం ముద్ర, ఐఎస్ఐ గుర్తు ఉన్నవి వెతకండి. అంతకన్నా ముందు అంచు చూడండి. చవక డబ్బాల్లో మూతి అంచును లోపలికి మడిచి వదిలేస్తారు. కడిగినప్పుడు ఆ మడతలోకి నీళ్లు వెళ్తాయి, బయటికి రావు. బోర్లించిన డబ్బా పొద్దున ఎత్తితే గచ్చు మీద గోధుమరంగు గీత వంపుగా పడి ఉంటుంది, తుప్పు మొదలైంది అక్కడే. మడత పూర్తిగా నొక్కి మూసినదో, మందపాటి అంచు ఉన్నదో తీసుకుంటే ఈ గొడవ ఉండదు.

ఏ డ్రమ్మైనా గచ్చుకి ఆనించి పెట్టకండి. చెక్క పీటో, ఇనుప స్టాండో కింద ఉండాలి. వర్షాకాలం గచ్చు చెమర్చడం మనకి కొత్త కాదు.

చిన్నవాటి సంగతి

పోపులపెట్టె గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. రోజుకి మూడుసార్లు తెరిచేదానికి ఎలాంటి మూతైనా ఒకటే, వారానికి సరిపడా మాత్రమే పోసుకోండి. రాళ్ల ఉప్పుకు చిన్న జాడీ, చెక్క గరిటె. ఉప్పులో స్టీలు చెంచా వదిలేయకండి. బెల్లం వానాకాలం గాలిలో తేమను పీల్చి కరుగుతుంది, దానికి రబ్బరు రింగు ఉన్న సీసా. చింతపండుకూ జాడీయే.

కొబ్బరినూనె మాత్రం మూత కన్నా మూతి చూసి పెట్టాల్సిన సరుకు. సుమారు 24 డిగ్రీలకు దిగేసరికి అది పేరుకుంటుంది, అంటే మార్గశిరం నుంచి మాఘం దాకా తెల్లవారుజామున కోనసీమలో ఏ ఇంట్లో చూసినా గడ్డకట్టే ఉంటుంది. సన్నమూతి సీసాలో పోస్తే పొద్దున్నే తలకు రాసుకోవడానికి సీసాను వేడినీళ్లలో పెట్టి కూర్చోవాలి. ఆడించి తెచ్చిన నూనెను వెడల్పు మూతి స్టీలు డబ్బాలోనో గాజు సీసాలోనో పోసుకోండి, చెంచాతో తీసుకోవచ్చు.

ఆత్రేయపురం పూతరేకులు అట్టపెట్టెలో ఇస్తారు. ఇంటికి తెచ్చాక ఆ పెట్టెలోనే ఉంచితే మర్నాటికి రేకు మెత్తబడి నోట్లో కరిగే గుణం పోతుంది. పెట్టెతో సహా గాలి చొరని డబ్బాలో దించేయండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, బయటికి తీయగానే చెమర్చి రేకులు అతుక్కుపోతాయి.

తాగే నీళ్లకు

సముద్రం దగ్గరి మండలాల్లో బోరు నీళ్లు ఉప్పన, చెరువుల పక్క ఊళ్లలో బావి మీద నమ్మకం లేదు. అందుకని 20 లీటర్ల టిన్ను ప్రతి ఇంటికీ వచ్చింది. వీటిలో రెండు రకాలు. నీలంగా, గట్టిగా ఉండి కొడితే టకటకమనేవి ఎక్కువగా పాలికార్బొనేట్, అడుగున 7 అంకె ఉంటుంది. కాస్త మెత్తగా, నొక్కితే లొట్టపోయేవి 1 అంకెవి. మొదటి రకం ఏళ్ల తరబడి ఆగుతుంది గానీ, దాని తయారీలో ఒంటికి మంచిది కాదనే బిస్‌ఫినాల్-ఎ అనే పదార్థం ఉంటుంది. ఎండకు కాగినా, వేడినీళ్లతో కడిగినా అది నీళ్లలోకి దిగడం పెరుగుతుంది. రెండోది తొందరగా గీతలు పడుతుంది, ఆ గీతల్లో పాచి నిలుస్తుంది. ఏదైనా సరే, వరండాలో ఎండ తగిలేచోట దించిపెట్టి వెళ్లే అలవాటును మాన్పించండి. సొంత టిన్నులు కొనుక్కుని వాటినే నింపించుకోగలిగితే అన్నిటికన్నా మంచిది, ఎవరి టిన్ను ఏం చూసి వచ్చిందో అన్న టెన్షన్ ఉండదు.

పెళ్లిళ్లకు, పొలం పనులకు వాడే కూల్ క్యాను చల్లదనానికి బాగుంటుంది. ఇంట్లో రోజూ వాడకానికి నేను సలహా ఇవ్వను. కొళాయి వెనక బిరడా దగ్గర వేలు పెట్టి తుడిచి చూడండి, జిగురు తగులుతుంది. ఊడదీసి కడిగే ఓపిక ఉన్నవాళ్లకే అది. కొళాయి ఉన్న స్టీలు డ్రమ్ము దానికన్నా సులువు, చెయ్యి లోపలికి పోతుంది, అడుగు దాకా తోమొచ్చు. రాగి బిందె పెట్టుకునేవాళ్లు నీళ్లకు మాత్రమే పెట్టుకోండి. మజ్జిగ, నిమ్మరసం, చారు అందులో పోయకూడదు. గిన్నెల లోపల కళాయి (తగరపు పూత) వేసేవాళ్లు ఇదివరకు వీధుల్లోకి వచ్చేవాళ్లు, ఇప్పుడు అరుదు కాబట్టి ఇత్తడి గిన్నెలకూ అదే మాట.

డీజిల్‌కు, పెట్రోలుకు

భీమవరం, ఉండి, కైకలూరు వైపు రొయ్యల చెరువుల మీద రాత్రి కరెంటు పోతే జనరేటర్ వెంటనే అందుకోవాలి, ఏరేటర్లు (నీళ్లకు గాలి ఎక్కించే యంత్రాలు) ఆగితే చెరువు మిగలదు. కాబట్టి గట్టు మీద షెడ్డులో డీజిల్ నిల్వ తప్పదు. డీజిల్‌కు 2 అంకె మందపాటి ప్లాస్టిక్ క్యాను చాలు. ఉప్పుగాలికి ఇనుప క్యాను కన్నా అదే ఎక్కువ కాలం ఉంటుంది. సగం ఖాళీగా ఉన్న క్యానులో రాత్రి చల్లదనానికి లోపలి తేమ నీరై గోడల మీద పట్టి డీజిల్ అడుగుకు దిగుతుంది. ఆ నీళ్లలో జిగురులాంటి పాచి పెరిగి ఫిల్టర్ మూసుకుపోతుంది. అక్కరకు రావాల్సిన రాత్రే జనరేటర్ దగ్గుతుంది. చిన్న క్యాన్లు కొని నిండుగా ఉంచుకోవడం, పాతదాన్ని ముందు వాడేయడం దీనికి మందు.

పెట్రోలు వేరే కథ. స్ప్రేయర్లకు, చిన్న పంపులకు కావాలి గానీ, దాని ఆవిరి మామూలు వేడికే మంట అందుకుంటుంది. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాకుండా లైసెన్సు లేకుండా ఉంచుకోగలిగింది 30 లీటర్ల వరకే. అదీ బిరడా గట్టిగా ఉన్న లోహపు క్యానులో అయితే 25 లీటర్లకు మించనిది, గాజు లేదా పింగాణీ అయితే లీటరుకు మించనిది. ప్లాస్టిక్ సీసాకు ఆ జాబితాలో చోటే లేదు. బంకులో సీసాలో పోయమని గొడవపడేవాళ్లు ఇది తెలుసుకుంటే బాగుండు. క్యాను నింపేటప్పుడు బండి మీద పెట్టి కాకుండా నేల మీద దించి నింపించండి, పైన కొంత ఖాళీ వదలండి. వేడికి పెట్రోలు పొంగుతుంది.

ఇనుప క్యానులో ఆదర్శం ఏదంటే పాత సైనిక పద్ధతి జెర్రీ క్యాను. 1930ల్లో జర్మనీ సైన్యం కోసం తయారైన నమూనా, 20 లీటర్లది. రెండు రేకు సగాలను నొక్కి ఒకే అతుకుతో కలిపారు. పక్కల మీద గుణకారపు గుర్తులా కనిపించే నొక్కులు, లోపలి ఇంధనం పొంగినప్పుడు గోడ సాగడానికి. పైన మూడు పిడులు ఉండడం వల్ల ఇద్దరు కలిసి ఒకటి మోయొచ్చు, ఖాళీవైతే ఒక్కడే ఒక్కో చేత్తో రెండేసి పట్టుకోవచ్చు. మూత మీట నొక్కితే బిగుసుకుంటుంది, పోయడానికి గరాటు అక్కర్లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం పల్చని రేకు డబ్బాలతో ఎడారిలో బోలెడు పెట్రోలు నేలపాలు చేసుకుని, చివరికి ఈ క్యానునే నకలు కొట్టింది. మన మార్కెట్లో అలాంటి ఆకారంలో వచ్చేవన్నీ ఆ నాణ్యతవి కావు. మూత కింద రబ్బరు గుండ్రంగా, పగుళ్లు లేకుండా ఉందో లేదో చూసి, నీళ్లు పోసి బోర్లించి పరీక్షించాకే కొనండి.

కార్తీక వనభోజనాలకు చిన్న పొయ్యి, అందులో పెట్టే బుల్లి గ్యాస్ డబ్బా కొంటున్నారు ఈమధ్య. పది మందికి టీ కాయడానికి బాగుంటుంది, అంతవరకే. పులిహోర, పప్పు వండాలంటే 5 కిలోల సిలిండర్ తీసుకెళ్లండి. బుల్లి డబ్బా ఒకసారి వాడి పారేయడానికి చేసింది, మళ్లీ నింపిస్తామనేవాళ్ల జోలికి పోకండి. ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి.

నీలం డ్రమ్ముల హెచ్చరిక

సంతల్లో, పాత సామాన్ల కొట్లలో వాడేసిన నీలం డ్రమ్ములు సగం ధరకే దొరుకుతాయి. 50 లీటర్లవి, 200 లీటర్లవి, కొన్నిటికి రింగు బిగింపు మూత కూడా ఉంటుంది. చూడ్డానికి బ్రహ్మాండం. మన జిల్లాల్లో అవి ఎక్కడి నుంచి వస్తాయో ఆలోచించండి: చెరువు మందులు, యాసిడ్, ఫ్యాక్టరీ రసాయనాలు. ఈ రకం ప్లాస్టిక్ కొన్ని రసాయనాలను గోడలోకి పీల్చుకుని, తరవాత నెమ్మదిగా వదులుతుంది. సబ్బు పెట్టి తోమినా, ఎండలో పెట్టినా పోదు. లేబుల్ చింపేసిన డ్రమ్ములో బియ్యం, నీళ్లు వద్దే వద్దు. మొక్కలకు నీళ్లు పట్టుకోవడానికైనా వాసన చూసి తీసుకోండి. ఇక పురుగుమందు డబ్బాలు కడిగి కిరసనాయిలుకో, నీళ్లకో వాడేవాళ్లు ఇంకా ఉన్నారు. వాటిని మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు స్ప్రే ట్యాంకులోనే పోసి, డబ్బాకు చిల్లు పొడిచి పారేయాలి. చిల్లు పొడిస్తే ఇంకెవరూ ఏరుకుపోరు.

ఊరు దాటించేవాటికి

శ్రావణంలో గోదావరికి ఎర్రనీళ్లు వచ్చి పులస చేప పడిందంటే హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కో, విశాఖలో ఉన్న వియ్యాలవారికో పులుసు పంపాల్సిందే. వండింది మట్టిదాకలో అయినా పంపడానికి అది పనికిరాదు. అల్యూమినియం క్యారేజీ వద్దు, చింతపండు పులుసు రాత్రంతా అందులో ఉంటే రంగు, రుచి మారతాయి. అంతస్తుల స్టీలు క్యారేజీ పొడి కూరలకే. దాని గిన్నెలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి తప్ప బిగుసుకోవు, బస్సు ఒక గతుకులో పడితే పులుసు పక్కవాళ్ల సంచిలో ఉంటుంది. నాలుగు వైపులా క్లిప్పులు, మూతలో సిలికాన్ రింగు ఉన్న లోతైన స్టీలు డబ్బా ఒకటి ఇందుకోసమే కొనిపెట్టుకోండి. పులుసు పూర్తిగా చల్లారాక పోయాలి. వేడిగా మూస్తే చల్లారేటప్పుడు మూత లోపలికి లాక్కుని, అక్కడ వాళ్లు తెరవలేక కత్తితో పొడుస్తారు, రింగు తెగుతుంది. పులస పులుసు ఎలాగూ మర్నాడే రుచి, తొందరేం లేదు.

విదేశాలకు ఊరగాయ పంపేవాళ్లు జాడీనీ గాజునీ మర్చిపోండి. వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బా, ముక్కలు మునిగే మట్టుకే నూనె, మూత చుట్టూ టేపు, రెండు కవర్లు, చుట్టూ పాత చీర. చేతిసంచిలో కాకుండా చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి, నూనె ఉంది కాబట్టి, ద్రవాలు 100 మిల్లీలీటర్లు దాటకూడదన్న నిబంధన కింద చేతిసంచిలోంచి తీయించేస్తారు.

లంకల్లో ఉండేవాళ్లకు

ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 1986 ఆగస్టు, 2022 జూలై వరదలు చూసిన లంకవాళ్లకు, అంటే ఏటి మధ్య దీవుల్లో ఉండేవాళ్లకు, ఈ అంకెలు కంఠతా వచ్చు. వాళ్లకు స్టీలు డ్రమ్ము సలహా నేను ఇవ్వను. స్టీలు మూత నీళ్లు దూరకుండా ఆపలేదు, మునిగితే లోపల బియ్యం బురదే. కొత్తగా కొన్న, ఆహారానికని ముద్ర ఉన్న, రింగు బిగింపు మూత గల 50 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము వాళ్లకు సరైనది. దాన్ని మరీ నిండుగా కాకుండా ముప్పావు వంతు నింపితే నీళ్లలో తేలుతుంది. తాడుతో కొబ్బరిచెట్టుకో, మేడ మెట్ల కమ్మీకో కట్టొచ్చు. ఇక్కడ బియ్యం పురుగు పట్టే భయం కన్నా తడిసే భయం పెద్దది. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు చిన్న బిగింపు డబ్బాలో వేసి, ఆ డ్రమ్ములోనే పైన పెట్టేయండి. తాగే నీళ్ల టిన్నులు రెండో హెచ్చరికకే నింపి పైకెక్కించాలి, మూడోది వచ్చాక పడవలో నీళ్ల కోసం ఎదురుచూడ్డం కష్టం. రింగు బిగించే మీట తుప్పు పట్టకుండా వేసవిలో ఒకసారి కొబ్బరినూనె రాసి, తెరిచి మూసి చూసుకోండి.